డిలీట్ చేసే హక్కు మనకుందా? సంచార్ సాథీ ఆర్డర్ మిగిల్చిన ప్రశ్న

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేయగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఒకటే. అక్కర్లేని యాప్స్ వెతికి పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ చేయడం. గేమ్స్, షాపింగ్ యాప్స్, కంపెనీ సొంత బ్రౌజర్... ఒక్కొక్కటీ తీసేస్తాం. కొన్ని మాత్రం ఎంత చేసినా పోవు. బ్లోట్‌వేర్ ఎక్కువుంటే రివ్యూల్లో మార్కులు కూడా కట్ అవుతాయి. మరి ఆ పోని యాప్‌ని పెట్టించింది కంపెనీ కాకుండా ప్రభుత్వమైతే?

ఇది ఊహ కాదు. 2025 చివర్లో మన దేశంలో దాదాపు అలాంటి పరిస్థితే వచ్చింది.

అసలేం జరిగింది?

2025 నవంబర్ 28న టెలికాం శాఖ ఫోన్ కంపెనీలకు ఒక ఆర్డర్ ఇచ్చింది. ఇండియాలో అమ్మే కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలి. గడువు 90 రోజులు. అప్పటికే తయారై షాపులకు చేరిన ఫోన్లలోకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా పంపే ప్రయత్నం చేయాలి. యాప్ ఫీచర్లను డిసేబుల్ చేయకూడదు. ఫోన్ కొనే మనకు మాత్రం ఈ సంగతి వార్తల్లో వచ్చాకే తెలిసింది.

గొడవ పెద్దదయ్యాక, వద్దనుకుంటే డిలీట్ చేసుకోవచ్చని కేంద్రమంత్రి జ్యోతిరాదిత్య సింధియా చెప్పారు. చివరికి డిసెంబర్ 3న ప్రభుత్వం 'తప్పనిసరి' అనే నిబంధనను వెనక్కి తీసుకుంది.

యాప్ మంచిదే, మరి ఇబ్బంది ఎక్కడ?

నిజం చెప్పాలంటే సంచార్ సాథీ పనికొచ్చే సర్వీసే. ఫోన్ పోతే ఐఎంఈఐ నంబర్‌తో బ్లాక్ చేయొచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడొచ్చు. ఫ్రాడ్ కాల్స్‌పై కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఈ సిస్టమ్ సాయంతోనే తెలంగాణ పోలీసులు పోయిన ఫోన్లను వేల సంఖ్యలో వెతికి, ఓనర్లకు తిరిగి ఇచ్చారు.

కానీ ఒక్క విషయం గమనించండి. ఈ పనులన్నీ వెబ్‌సైట్‌లోనూ చేసుకోవచ్చు. యాప్ వేసుకోకపోయినా ఫోన్ బ్లాక్ అవుతుంది. అలాంటప్పుడు అందరి ఫోన్లలో ఉండి తీరాలని పట్టుబట్టడం ఎందుకు? మంచి యాప్ అయితే జనమే వెతికి వేసుకుంటారు. యూపీఐ యాప్స్‌ని ఎవరూ బలవంతంగా మన ఫోన్లలో పెట్టలేదు కదా!

టెక్నికల్‌గా తేడా ఏంటి?

ప్లే స్టోర్ నుంచి మనం వేసుకున్న యాప్ మన కంట్రోల్‌లో ఉంటుంది. నచ్చకపోతే తీసేస్తాం. సిస్టమ్ యాప్‌గా వచ్చేది అలా కాదు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ అవ్వదు, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అక్కడే ఉంటుంది. మామూలు యాప్స్‌కి దొరకని కొన్ని ప్రత్యేక పర్మిషన్లు కూడా దానికి ఇచ్చే వీలుంది.

అసలు రిస్క్ ఇవాళ్టి వెర్షన్‌తో కాదు, రేపటి అప్‌డేట్‌తో. ఇప్పుడు ఐఎంఈఐ చెక్ చేసే యాప్ రేపు ఇంకేదైనా చేయాలంటే ఒక అప్‌డేట్ చాలు. ప్రభుత్వాలు మారతాయి, ఆఫీసర్లు మారతారు. తీసేయలేని యాప్ మాత్రం కోట్లాది ఫోన్లలో అలాగే ఉంటుంది.

వేరే చోట్ల ఏం జరిగింది?

రష్యాలో 2025 సెప్టెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో మ్యాక్స్ అనే మెసెంజర్ ఉండాలని రూల్ పెట్టారు. అంతకు ముందు నెలలోనే అక్కడ వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌పై ఆంక్షలు వచ్చాయి. ముందు సొంత యాప్‌ని ఎక్కించడం, పక్కనే మిగతా దారులు ఇరుకు చేయడం... ప్యాటర్న్ అర్థమైందా?

మన దగ్గర కూడా 2020 మే 1న ఆరోగ్య సేతు యాప్‌ని ఉద్యోగులందరికీ తప్పనిసరి చేశారు. విమర్శలు వచ్చాక అదే నెలలో ఆ రూల్‌ని సడలించారు, ఆండ్రాయిడ్ వెర్షన్ కోడ్‌ని కూడా బయటపెట్టారు. అంటే జనం గట్టిగా అడిగితే ఫలితం ఉంటుంది.

"దాచడానికేమీ లేకపోతే భయమెందుకు?"

ఈ డైలాగ్ మీరూ వినే ఉంటారు. ఫోన్ అన్‌లాక్ చేసి బస్సులో పక్క సీటాయనకి ఇస్తామా? ఇవ్వం. తప్పు చేశామని కాదు, అది మన సొంతం కాబట్టి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచ్ పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ జోక్యం అవసరానికి మించకూడదు.

కాబట్టి ఈసారి ఏదైనా యాప్ 'తప్పనిసరి' అని వార్త వస్తే మూడు ప్రశ్నలు అడగండి. దీనికి చట్టం ఉందా? నా డేటా ఎక్కడికి వెళ్తుంది? నేను దీన్ని డిలీట్ చేయగలనా? మూడోదానికి 'లేదు' అని జవాబొస్తే, యాప్ ఎంత మంచిదైనా సరే ఒప్పుకోకండి. ఫోన్‌కి డబ్బులు కట్టింది మనమే. అందులో ఏముండాలో తేల్చుకోవాల్సింది కూడా మనమే.