పాత కథ - కొత్త జవాబు

రీమేక్ సినిమా అనగానే "అదేముంది, పాతదే మళ్ళీ తీశారు" అని తేలిగ్గా తీసిపారేస్తాం. మన హాస్టల్ టీవీ గదిలో ఈ వాదన ఎన్నిసార్లు జరగలేదు! ఒకే కథను రెండుసార్లు తీస్తే రెండోదానికి సొంత విలువ ఉంటుందా? హాంకాంగ్ వారు తీసిన రెండు కుంగ్‌ఫూ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 1972లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'. దర్శకుడు లో వే, హీరో బ్రూస్ లీ. రెండవది 1994లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్'. దర్శకుడు గోర్డన్ చాన్, హీరో జెట్ లీ. రెండింటికీ మూలకథ ఒక్కటే. షాంఘైలో జింగ్‌వూ అనే యుద్ధవిద్యల పాఠశాల ఉంది. దాని గురువు హువో యువాన్‌జియా నిజంగా జీవించిన వ్యక్తి, 1910లో మరణించారు. శిష్యుడు చెన్ జెన్ మాత్రం కల్పిత పాత్ర. తన గురువును విషంతో చంపారని తెలుసుకుని అతడు చేసే పోరాటమే సినిమా.

మొదటి చిత్రానికి ప్రాణం అవమానం. గురువు సంతాప సభకు జపాన్ శిక్షణశాల వాళ్ళు వచ్చి, చైనీయులను రోగిష్టివాళ్ళని వెక్కిరించే రాత ఇచ్చిపోతారు. చెన్ ఒంటరిగా వెళ్ళి, అందరినీ ఓడించి, ఆ కాగితాన్ని తెచ్చినవాళ్ళ చేతనే తినిపిస్తాడు. పార్కు గేటు దగ్గర కుక్కలకూ చైనీయులకూ ప్రవేశం లేదన్న బోర్డును తన్ని ముక్కలు చేస్తాడు. బోర్డు లేకుండానే గడప బయట నిలబడిన పెద్దల పిల్లలం మనం. ఆ దెబ్బకు మన చేతులు ఎందుకు చప్పట్లు కొడతాయో వేరే చెప్పాలా? చివరికి చెన్ తుపాకులకు ఎదురుగా ఎగురుతాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది, కాల్పుల మోత వినిపిస్తుంది.

రెండవ చిత్రంలో చెన్ జపాన్‌లోని క్యోటోలో చదువుకుంటూ ఉంటాడు. అతన్ని ప్రేమించిన మిత్సుకో జపాన్ అమ్మాయి. ఆమె బంధువైన ఫునకోషి అనే జపాన్ గురువు చెన్‌తో తలపడి కూడా అతన్ని గౌరవిస్తాడు. క్రూరుడు ఫుజితా అనే సైనికాధికారి. మరోవైపు మిత్సుకో కారణంగా చెన్‌ను సొంత పాఠశాలవాళ్ళే దూరం పెడతారు. అంటే తప్పు ఒక జాతిది కాదు, మనుషులది. చివర చెన్ చనిపోయాడని లోకాన్ని నమ్మించి, బతికి బయటపడతాడు.

పోరాటాల్లోనూ తేడా ఉంది. ఇందులో చెన్ మన విద్య, పరాయి విద్య అని గిరి గీసుకోడు. ఎక్కడ మంచి ఉంటే అక్కడ నేర్చుకుంటాడు. విచిత్రమేమంటే, బ్రూస్ లీ నిజజీవితంలో నమ్మినదీ ఇదే! బాక్సింగ్ నుంచి, కత్తిసాము నుంచి కూడా నేర్చుకుని 'జీత్ కున్ డో' పద్ధతిని రూపొందించారు. 1973లో 32 ఏళ్ళకే కన్నుమూసిన ఆయన ఆలోచన, ఆయన సినిమా రీమేక్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

బ్రూస్ లీ కళ్ళలోని మంట జెట్ లీలో లేదన్నది నిజమే. మొదటిది లేకపోతే రెండవది పుట్టేదీ కాదు. అయినా రెండవది నకలు కాదు. అవమానాన్ని సహించవద్దని మొదటిది చెప్పింది. కోపం ఎవరి మీదో తెలుసుకొమ్మని రెండవది చెప్పింది. రెండు పాఠాలూ మనకు అవసరమే.

పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినదీ, అదే ప్రశ్నకు సొంతంగా ఆలోచించి రాసినదీ ఒకటి కావు కదా! రీమేక్‌ను కూడా అలాగే దిద్దాలి. ప్రశ్న పాతదైనా జవాబు సొంతదైతే మార్కులు వేయాల్సిందే.