కుట్లు మానాయి సరే, నెలసరి సంగతి ఎవరు చూస్తారు?

కడుపు గోడ మూసుకోకుండా పుట్టిన బిడ్డకు ఆపరేషన్ అయితే కేసు ముగిసినట్టే లెక్క. ఆడపిల్లలకు రెండో గండం పన్నెండు, పదమూడేళ్లకు వస్తుంది.

మూత్రసంచి బయటికి తెరుచుకుని పుట్టడాన్ని బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ అంటారు. ఇందులో కటి ఎముకలు ముందువైపు కలవవు, కింద పట్టి ఉంచే కండరాలు ఎడంగా ఉంటాయి. అందుకే కాన్పు కాకుండానే గర్భసంచి జారవచ్చు. పేగు కూడా బయటపడే క్లోయకల్ ఎక్స్‌ట్రోఫీలో గర్భసంచి, యోని రెండేసి ఉండొచ్చు. ఒక వైపు దారి మూసుకుపోతే ముట్టు రక్తం లోపలే నిలుస్తుంది. రెండో వైపు నుంచి నెలసరి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ నొప్పిని ఇంట్లో మామూలు నొప్పే అనుకుంటారు.

కర్నూలు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి వంగేది ఎక్కువగా ఈ వయసు దళిత, బీసీ పిల్లలే. కోసిగి వైపు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. పసితనపు డిశ్చార్జి కాగితం అన్ని వలసల్లో నిలుస్తుందా?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తుంది. దాని పుట్టుక లోపాల జాబితాలో గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, కడుపు గోడ లోపం లేదు. బడి పిల్లల్ని నెలసరి నొప్పి గురించి అడుగుతారు. ఆ ప్రశ్నతోపాటే బొడ్డు కింది పాత మచ్చనూ చూసి, కర్నూలు సర్వజన ఆసుపత్రికో కడప రిమ్స్‌కో స్కానింగ్‌కు పంపమని మనం అడగాలి.

ఈ పిల్లలకు సంతానం కలగదని ముందే ముద్ర వేయడం అన్యాయం. ఎక్స్‌ట్రోఫీతో పుట్టిన ఎందరో స్త్రీలు తల్లులయ్యారు, ఎక్కువగా ముందే అనుకున్న సిజేరియన్‌తో.