తూటాలకు నిల్వ ఉంది... చిప్పులకేదీ?

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఉత్తర సరిహద్దులో సిగ్నల్స్ అధికారిగా పనిచేస్తున్నాను. దాదాపు 14 వేల అడుగుల ఎత్తున ఉన్న ఒక పోస్టులో సందేశాలు చేరవేసే డేటా టెర్మినల్ మొరాయించింది. విప్పి చూస్తే పాడైంది గోరంత మెమరీ చిప్పు. డిపోను అడిగితే ఆ రకం తయారీ ఆగిపోయిందని, నిల్వ లేదని జవాబొచ్చింది. స్థానికంగా కొనుక్కునే అధికారం ఉంది కాబట్టి నగరంలోని ఒక వ్యాపారి దగ్గర అదే నంబరున్న చిప్పు తెప్పించాం. బుఖారీ వేడిలో ఉన్న వర్క్‌షాపులో చక్కగా పనిచేసింది. పైకి పంపిన రాత్రే, ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పడిపోగానే మూగబోయింది.

వాయిస్ సెట్ ఉంది. కానీ గాలిలో పలకకూడని సందేశాలు కొన్ని ఉంటాయి. రెండు రోజుల పాటు వాటిని ఇద్దరు జవాన్లు మంచులో నడిచి చేరవేశారు. వారిలో ఒకరు శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. మంచు కాటుకు రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. చిప్పు కొన్న కాగితం మీద సంతకం నాది. సాధారణ వాణిజ్య రకం చిప్పు 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్యే పనిచేస్తుందని, సైనిక ప్రమాణాల చిప్పు మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా తట్టుకోవాలని నాకు తెలుసు. వేరే దారి లేదని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా మెమరీ చిప్పుల కొరత వార్తలు చదువుతుంటే ఆ సంతకమే గుర్తొస్తోంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ధరలు పెరుగుతాయన్నదే అందరి చర్చ. నా ఆందోళన వేరు. రాడార్, రేడియో, డ్రోన్, క్షిపణి... మెమరీ లేకుండా ఏదీ నడవదు.

కొరత ఎందుకొచ్చింది?

ప్రపంచంలో తయారయ్యే డీర్యామ్ మెమరీలో సింహభాగం మూడు సంస్థలదే. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్ దక్షిణ కొరియావి, మైక్రాన్ అమెరికాది. కృత్రిమ మేధ సర్వర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. మామూలు మెమరీతో పోలిస్తే, అంతే సామర్థ్యానికి దీనికి దాదాపు మూడు రెట్ల సిలికాన్ వేఫర్లు ఖర్చవుతాయి. లాభమూ ఎక్కువే. దాంతో కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించాయి. 2025లో పాత డీడీఆర్4 రకానికి స్వస్తి పలికే ప్రక్రియ మొదలవడంతో, కొత్తదైన డీడీఆర్5 కంటే పాతదే ప్రియమైన విచిత్రమూ చూశాం. డిసెంబరులో మైక్రాన్ తన వినియోగదారుల బ్రాండు క్రూషియల్‌ను మూసేస్తున్నట్లు ప్రకటించింది. కొత్త ఫ్యాబ్ కట్టాలంటే రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఈ చిక్కు త్వరగా తీరేది కాదు.

ఇలాంటి దెబ్బలు కొత్త కావు. 1993లో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ప్లాంటులో పేలుడు జరిగింది. చిప్పుల పైపూతకు వాడే ఎపాక్సీ రెసిన్‌లో ప్రపంచ అవసరాల్లో సగానికి పైగా అక్కడి నుంచే వచ్చేది. మెమరీ ధరలు అమాంతం పెరిగాయి. 2013లో చైనాలోని వుషిలో హైనిక్స్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదమూ అలాంటిదే. అప్పుడు ప్రమాదాలు కారణమైతే, ఇప్పుడు కొనుగోలుదారుల పోటీయే కారణం. అందులో మన సైన్యం చాలా చిన్న ఖాతాదారు.

సైన్యానికి రెట్టింపు ఇబ్బంది

మార్కెట్లో ఒక తరం మెమరీ కొన్నేళ్లే ఉంటుంది. సైనిక పరికరం ఇరవై, ముప్పై ఏళ్లు సేవలో ఉంటుంది. అంటే పరికరం నడివయసుకు రాకముందే దాని చిప్పు మార్కెట్లోంచి మాయమవుతుంది. సరిగ్గా అప్పుడే నకిలీలు ప్రవేశిస్తాయి. పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్పులను రుద్ది, కొత్త నంబరు ముద్రించి అమ్మేస్తారు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012 నివేదికలో తమ రక్షణ సరఫరాల్లో నకిలీ విడిభాగాలు దొరికిన ఉదంతాలు సుమారు 1,800 ఉన్నాయని, వాటిలోని విడిభాగాలు పది లక్షలకు పైనేనని తేల్చింది. అమెరికాకే తప్పనిది మనకు తప్పుతుందా?

రెండో ప్రలోభం చైనా సరుకు. హెఫేలో సీఎక్స్ఎంటీ, వూహాన్‌లో వైఎంటీసీ మెమరీ తయారు చేస్తున్నాయి. మిగతా వారు చేతులెత్తేసినప్పుడు చిన్న సరఫరాదారు చూపు అటే మళ్లుతుంది. చైనా విడిభాగాల అనుమానంతోనే 2025 ఆరంభంలో సైన్యం 400 డ్రోన్ల కాంట్రాక్టులను రద్దు చేసుకోవాల్సి వచ్చింది. చౌకగా కొన్న చిప్పు లోపల ఏముందో తెలుసుకోవడానికి పెట్టే ఖర్చు దాని ధరకు ఎన్నో రెట్లు.

ఈ బరువు చివరికి పడేది చిన్న పరిశ్రమల మీద. హైదరాబాద్‌లో కుషాయిగూడ, చర్లపల్లి చుట్టుపక్కల రక్షణ రంగానికి బోర్డులు చేసే యూనిట్లు ఎన్నో ఉన్నాయి. ఈమధ్య కలిసిన ఒక యజమాని నాతో, ‘సార్, నేను రేటు ఒప్పుకుని ఏడాదైంది. మెమరీ అమ్మేవాడి కొటేషన్ వారం కూడా నిలవడం లేదు’ అన్నారు. స్థిర ధర ఒప్పందంతో ఆయన నష్టానికి చేయాలి, లేదా నాసిరకం కొనాలి. మూడో దారి మనం చూపించలేదు.

మనం చేయగలిగింది

గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ కేంద్రం మెమరీని ప్యాకేజింగ్, పరీక్ష చేసేందుకు పెట్టింది. వేఫర్లు బయటి నుంచే రావాలి. ధోలేరాలో టాటాలు కడుతున్న ఫ్యాబ్ మెమరీ కోసం కాదు. ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన యూనిట్ కూడా ప్యాకేజింగ్‌కు సంబంధించినదే. ఇవన్నీ అవసరమే. కానీ ఈ కొరతను అవి తీర్చవు. సొంత మెమరీ ఫ్యాబ్ దీర్ఘకాలిక లక్ష్యంగా ఉండాల్సిందే. ఈలోగా చేయాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది లెక్క. ఏ పరికరంలో ఏ చిప్పు ఉంది, దాని తయారీ ఎప్పుడు ఆగుతుంది అన్న జాబితా త్రివిధ దళాలకూ ఒకే చోట ఉండాలి. రెండోది నిల్వ. మందుగుండుకు యుద్ధ నిల్వలు ఉంచడం మనకు అలవాటే. బీఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్ తరచూ వాడే మెమరీ రకాలను ఉమ్మడిగా కొని, తేమ తగలకుండా భద్రపరచి, పాతవి ముందు వాడుతూ కొత్తవి చేర్చాలి. మూడోది డిజైన్. ఒకే కంపెనీ చిప్పుకు కట్టుబడని బోర్డులు గీయాలని టెండరులోనే రాయాలి. నాలుగోది ఒప్పందం. చిప్పుల ధర మారితే సర్దుబాటు చేసే నిబంధన, నకిలీలను పట్టే పరీక్షలకు విడిగా డబ్బు ఇవ్వాలి. అత్యల్ప ధర కోట్ చేసినవారికే పని అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు.

నిల్వకు డబ్బు కట్టేస్తే, టెక్నాలజీ మారి వృథా కాదా అని ఆడిటర్లు అడుగుతారు. కొంత వృథా అవుతుంది. పేలని తూటాలను ఏటా పారేస్తాం, ఎవరూ తప్పుపట్టరు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం కంటే ఆ వృథా నయం.

ఆ శ్రీకాకుళం కుర్రాడు తర్వాత పదిహేనేళ్లు సర్వీసు చేసి, సుబేదార్‌గా రిటైరయ్యాడు. ఏటా సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. కాలి సంగతి ఎప్పుడూ ఎత్తడు. నేనే అడుగుతాను. ‘చలికాలం కొంచెం లాగుతుంది సార్, అంతే’ అంటాడు. ఆ పోస్టులో ఈ చలికాలం కూడా ఎవరో ఒక కుర్రాడు కాపలా ఉంటాడు. అతని టెర్మినల్‌లో ఉన్న చిప్పు ఎక్కడిదో చెప్పగలిగే స్థితిలో మనం ఉండాలి.

(రచయిత విశ్రాంత సైనికాధికారి)