సరస్సులో స్కూబా శిక్షణ: నిలకడ నీటి కింద ఏం జరుగుతుంది?

ఇంగ్లండ్ మధ్యభాగంలో, సముద్రానికి దూరంగా, లెస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ అనే పాత గ్రానైట్ క్వారీ ఉంది. 1958లో అక్కడ రాయి కొట్టడం ఆపేశారు. ఊటనీరు నిండి అది సరస్సయింది. ఉత్తర సముద్రపు చమురు బావుల దగ్గర పనిచేసిన డైవర్లు ఒకప్పుడు అక్కడే శిక్షణ పొందారు. నేటికీ బ్రిటన్‌లో ఎంతోమంది తొలి పాఠాలు అక్కడే నేర్చుకుంటున్నారు. క్వారీని మెట్లు మెట్లుగా తవ్వడం శిక్షణకు కలిసొచ్చింది. మొదటి మెట్టు 6, 7 మీటర్ల లోతు. తర్వాతిది 20 మీటర్ల పైచిలుకు. అడుగు దాదాపు 35 మీటర్లు. అలలు లేవు, ప్రవాహం లేదు. కొత్తవారిని పై మెట్టు మీద కూర్చోబెట్టి నింపాదిగా నేర్పవచ్చు.

స్కూబా అంటే గాలి సిలిండర్‌ను వీపున కట్టుకుని, పైనుంచి గొట్టం సాయం లేకుండా నీటి అడుగున ఊపిరి పీలుస్తూ ఈదడం. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, బయటి గాలి పీడనానికి దాదాపు 200 రెట్ల పీడనంతో కుక్కి నింపింది. దాన్ని ఊపిరికి సరిపడేలా తగ్గించి అందించేది రెగ్యులేటర్ (నోటి దగ్గరికి గాలి తెచ్చే పరికరం). 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ తమ తొలి రెగ్యులేటర్‌ను పరీక్షించింది కూడా మంచినీటిలోనే, మార్న్ నదిలో.

ఇక అసలు విషయం. మంచినీటిలో 10.3 మీటర్లు దిగితే శరీరం మీద పీడనం రెట్టింపవుతుంది. ఆ లోతులో నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. అప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలవవచ్చు. చిన్నప్పటి నుంచి చెరువుల్లో మునకలేసినవారికి నీటిలో ఊపిరి బిగబట్టడమే అలవాటు. స్కూబాలో ముందుగా మానుకోవాల్సింది ఆ అలవాటునే. లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువనుకోవడం పొరపాటు. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి మూడో వంతే పెరుగుతుంది. చివరి పది మీటర్లలో ఏకంగా రెట్టింపవుతుంది. అందుకే పైమెట్టు పాఠాలకే అంత జాగ్రత్త.

ఉప్పునీటి కన్నా మంచినీరు సుమారు రెండున్నర శాతం తేలిక. అందులో మనిషి తేలడం కూడా తక్కువే. మునగడానికి సముద్రంలో కట్టుకున్నంత సీసపు బరువులు ఇక్కడ కట్టుకుంటే నేరుగా అడుగుకు పోతారు. అడుగున ఉండేది మెత్తటి ఒండ్రు. కాలికి తొడిగిన ఈత రెక్క ఒక్కసారి తగిలితే చాలు, ఒండ్రు మబ్బులా లేస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. ప్రవాహం లేదు కాబట్టి త్వరగా తేటపడదు. అడుగును తాకకుండా, ఊపిరిని అదుపు చేసుకుంటూ ఒకే ఎత్తులో తేలి ఉండగలగడం నా దృష్టిలో సరస్సు నేర్పే అతి ముఖ్యమైన విద్య.

తర్వాతిది చలి. వేసవిలో పైనీరు వెచ్చగా ఉన్నా, కొన్ని మీటర్లు దిగగానే థర్మోక్లైన్ (వెచ్చని నీరు, చల్లని నీరు విడిపోయే పొర) తగులుతుంది. అక్కడ ఒక్కసారిగా ఒళ్లు జిల్లుమంటుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మరీ చల్లటి నీటిలో రెగ్యులేటర్ లోపల మంచు కట్టి, గాలి ఆగకుండా బయటికి తన్నుకురావచ్చు. అప్పుడు సిలిండర్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పక్కవారి గాలిని పంచుకుని పైకి రావడం నేర్పేది ఇలాంటి వాటి కోసమే.

శిక్షణ ఎలా సాగుతుందో తెలియాలంటే, మాస్క్ (కళ్లను, ముక్కును కప్పే అద్దపు తొడుగు)లోకి నీరు నింపించే పాఠం చూడండి. మాస్క్‌లో నీరు చేరగానే ముక్కు మూసుకుపోయినట్టై మనసు బెదురుతుంది. శిష్యుడు నోటితో నెమ్మదిగా పీల్చాలి. మాస్క్ పైఅంచును నుదుటికి అదిమి, కాస్త తల ఎత్తి, ముక్కుతో గాలి వదలాలి. నీరు కిందినుంచి జారిపోతుంది. బెదురు పోయేదాకా దీన్ని మళ్లీ మళ్లీ చేయిస్తారు.

తెలుగు నేల మీద కూడా వదిలేసిన క్వారీ గుంతలు ఎన్నో ఉన్నాయి. వాటి గట్లు నిటారుగా ఉంటాయి, అడుగు కనపడదు. స్టోనీ కోవ్ లాంటి చోట శిక్షకుడు, తోడు డైవర్, ఆక్సిజన్, అత్యవసర ఏర్పాట్లు ఉంటాయి. ఈ గుంతల దగ్గర అవేవీ ఉండవు. ఈతకైనా వాటిలో దిగకండి.

నేర్చుకోవాలనుంటే శిక్షకుడి ధ్రువపత్రం అడిగి చూడండి. తొలి స్థాయి కోర్సులో సాధారణంగా 18 మీటర్లు దాటించరు. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే ముందు డాక్టరును కలవండి. మీ ఆరోగ్యం గురించి కాగితం మీద రాయించుకోకుండా సిలిండర్ చేతికిచ్చేవారి దగ్గర నీటిలోకి దిగకండి.