ఆర్మూరు శిలలు – విశాలకోణ కటకం

జాతీయ రహదారి 44 మీద ప్రయాణించేవారికి ఆర్మూరు సమీపించిందన్న సంగతిని ఊరికంటె ముందు రాళ్లే తెలుపుతాయి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న నల్లని గుండ్లు, వాటి నడుమ నవనాథ సిద్ధుల గుట్ట, దిగువన పసుపు చేలు. ఆరు, మూరు కలిస్తే తొమ్మిది; తొమ్మండుగురు సిద్ధులు వెలసిన చోటు కనుక ‘ఆరుమూరు’ అయిందని స్థానికులు చెప్పుకుంటారు. మూడును ‘మూరు’ అనడం కన్నడంలో ఉన్నది. ఈ వ్యుత్పత్తి ఎంతవరకు నిలుస్తుందో భాషావేత్తలకు వదిలి, మనం రాళ్ల దగ్గరకు వద్దాం.

దక్కను గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో గడ్డకట్టిన ఈ శిల, పైనున్న పొరలు కొట్టుకొనిపోగా బయటపడింది. పగుళ్లలోకి దిగిన నీరు మూలలను అరగదీయగా గుండ్లు ఏర్పడ్డాయి. ఇంతటి దృశ్యాన్ని ఛాయాచిత్రంలో పట్టడం ఎలా?

మన ప్రబంధ కవులు అష్టాదశ వర్ణనలలో శైలవర్ణనకు చోటిచ్చారు. కవి పర్వతాన్ని పద్యం తరువాత పద్యంగా, శిఖరం నుండి లోయ దాకా మెల్లగా చూపగలడు. ఛాయాచిత్రకారునికి ఆ వెసులుబాటు లేదు. అంతటినీ ఒకే చట్రంలో ఇమడ్చాలి. అందుకు సాధనం వైడ్ యాంగిల్ లెన్సు అని వాడుకలో ఉన్న విశాలకోణ కటకం.

కటకం ఎంత వెడల్పు చూడగలదనేది దాని నాభ్యంతరం ఒక్కటే నిర్ణయించదు. వెనుక ప్రతిబింబాన్ని గ్రహించే ఫలకం పరిమాణం కూడ నిర్ణయిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అనే సాధారణ కెమెరాలో ఆ ఫలకం 36 × 24 మి.మీ. ఉంటుంది. దానిపై 35 మి.మీ. కటకం అడ్డంగా 54 డిగ్రీలే చూస్తుంది. అదే నాభ్యంతరం గల కటకాన్ని 53.4 × 40 మి.మీ. ఫలకానికి అమర్చితే దాదాపు 75 డిగ్రీలు చూస్తుంది. ఇంత పెద్ద ఫలకమున్న పరికరమే మీడియం ఫార్మాట్ డిజిటల్ బ్యాక్. ఫిలిం కాలంలో ఈ కెమెరాల వెనుక ఫిలిం చుట్ట ఉండే పెట్టె విడిగా ఊడివచ్చేది. ఆ చోట బిగించేది కనుక దీనికి ఆ పేరు వచ్చింది. ఫేజ్ వన్, హాసెల్‌బ్లాడ్ వంటి సంస్థలు వీటిని రూపొందించాయి. వెల లక్షల రూపాయలలో ఉంటుంది.

అంత వెల పెట్టి సాధించేదేమిటని విద్యార్థి అడగవచ్చు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 మి.మీ. కటకం పెట్టినా దాదాపు అంతే వెడల్పు కనిపిస్తుంది కదా! సమాధానం ఒక చిన్న లెక్కలో ఉన్నది. 100 మీటర్ల ఎత్తున్న గుట్టను 2 కిలోమీటర్ల దూరం నుండి 24 మి.మీ. కటకంతో తీశామనుకుందాం. ఫలకం మీద దాని ఎత్తు 1.2 మి.మీ. మాత్రమే. 2.4 కోట్ల బిందువులున్న కెమెరాలో అది 200 బిందువుల ఎత్తవుతుంది. 35 మి.మీ. కటకంతో, 15 కోట్ల బిందువులున్న డిజిటల్ బ్యాక్ మీద అదే గుట్ట 1.75 మి.మీ. ఎత్తుతో, సుమారు 465 బిందువులతో నమోదవుతుంది. విశాలకోణ కటకం దగ్గరి రాతిని పెద్దది చేసి, దూరపు గుట్టను చిన్నబుచ్చుతుంది. అలా చిన్నబోయిన గుట్టలోనూ పగులు పగులుగా, గుండు గుండుగా వివరం దక్కించడమే పెద్ద ఫలకం చేసే మేలు.

ఈ సూత్రం కొత్తది కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) పెద్ద గాజుపలకల మీద చిత్రాలు తీశారు. ఆ కాలంలో పలకను కాగితానికి ఆనించి ముద్రించేవారు కనుక, పలక ఎంత ఉంటే చిత్రమూ అంతే. ఆయన గాజుపలకలు 2,857, 1989 నుండి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆనాటి కట్టడాల వివరాలను నేటికీ వాటినుండి చదువుకోగలగడానికి ఆ పలకల పరిమాణమూ ఒక కారణమే.

అయితే విశాలకోణానికి చిక్కులు లేకపోలేదు. కిరణాలు ఫలకం అంచులకు ఏటవాలుగా చేరడం వల్ల మూలలు చీకటిపడతాయి. సాధారణ నిర్మాణం గల కటకంలో అక్షానికి 45 డిగ్రీల వాలున చేరే కాంతి, మధ్యభాగపు కాంతిలో నాలుగవ వంతు మాత్రమే. ఒకప్పటి డిజిటల్ బ్యాకుల మీద దీనికి తోడు ఒక అంచున ఎరుపు, మరొక అంచున పచ్చ జీరలు పడేవి. నివారణకు కటకం ముందు పాలవన్నె పలకను అడ్డుపెట్టి మరొక చిత్రం తీస్తారు. కేవలం ఆ దోషమే నమోదైన ఆ చిత్రం ఆధారంగా కంప్యూటరులో అసలు చిత్రాన్ని సరిదిద్దుతారు. కాంతిని వెనుకవైపు నుండి గ్రహించే కొత్త ఫలకాలు వచ్చిన తరువాత ఈ బెడద చాలా తగ్గింది.

రెండవ చిక్కు రాళ్లు వెనుకకు వాలిపోవడం. సిద్ధుల గుట్ట కింద నిలిచి కెమెరాను పైకెత్తితే, నిట్టనిలువు బండలు ఆకాశంలో ఒకదానివైపు ఒకటి ఒరిగినట్లు కనిపిస్తాయి. కెమెరాను ఎత్తరాదు; మట్టం చూసి నిలిపి, కటకాన్ని మాత్రమే పైకి జరపాలి. ఇందుకు అనువైన సాంకేతిక కెమెరాలు వేరుగా ఉన్నాయి. అవి లేనివారు కెమెరాను మట్టంగానే ఉంచి, తరువాత చిత్రం కింది భాగాన్ని కత్తిరించుకోవచ్చు. ఈ ఉపాయం చేతి ఫోనుకూ వర్తిస్తుంది.

మూడవది స్పష్టత. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్మూరు ప్రాంతంలో ఉడికించిన పసుపును కల్లాలలో ఆరబోస్తారు. అడుగు దూరంలోని పసుపు కొమ్ము, మైలు దూరంలోని గుట్ట రెండూ స్పష్టంగా రావాలంటే కటక రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే చాలునని తోస్తుంది. కాని మీరు భౌతికశాస్త్రంలో చదివే వివర్తనం అక్కడ అడ్డుతగులుతుంది. ఎఫ్ 11 వద్ద ఒక కాంతిబిందువు 0.015 మి.మీ. చుక్కగా, అంటే పైన చెప్పిన ఫలకం మీద నాలుగు బిందువుల మేర పరచుకొంటుంది. ఎఫ్ 22 వద్ద అది ఎనిమిది బిందువులవుతుంది. అంత వెల పెట్టి కొన్న వివరమంతా అలా కరిగిపోతుంది. అందుకే ఎఫ్ 11 దగ్గర ఆగి, స్పష్టతను దగ్గర, నడుమ, దూరం అని మార్చుతూ అనేక చిత్రాలు తీసి కలుపుతారు. కల్లంలో మనుషులు పనిచేస్తుంటే ఇది కుదరదు. చిత్రానికీ చిత్రానికీ మధ్య వారు కదులుతారు. అప్పుడు కటకాన్ని కొద్దిగా ముందుకు వంచి, స్పష్టతాతలాన్ని నేలవెంబడి పరిచే పద్ధతే మేలు.

ఇంత శ్రమ అందం కోసమేనా? తెలంగాణలో ఎన్నో గుట్టలు కంకరకూ గ్రానైటు పలకలకూ కరిగిపోయాయి. కోట్ల ఏండ్లలో రూపొందిన గుండు ఒక్క పేలుడుతో ముక్కలవుతుంది. హైదరాబాదులో 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ శిలల మధ్య నడకలు నిర్వహించి, వాటి విలువను ప్రజల దృష్టికి తెచ్చింది. ఏ బండ ఎక్కడ ఉండేదో రుజువు చేయవలసి వచ్చినపుడు, మూలమూలకూ వివరమున్న చిత్రం మాటకంటె గట్టిగా నిలుస్తుంది. అందుకని చిత్రం వెనుక తేదీ, వేళ, నిలిచిన చోటి అక్షాంశ రేఖాంశాలు, కటకం నాభ్యంతరం, నేలనుండి కెమెరా ఎత్తు రాసిపెట్టుకోవాలి. పదేండ్లకు మరొకరు అదే చోట, అదే కటకంతో, అదే ఎత్తున కెమెరా నిలిపి తీసినప్పుడు, రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి గుండ్లను ఒకటొకటిగా లెక్కించవచ్చు.