కాపలావాడి పాచికలు

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనకో సామెత ఉంది. ఆ కుక్కలు ఏ వేళకు, ఏ వైపు తిరుగుతూ ఉంటే దొంగలు పడకముందే మొరుగుతాయన్న ప్రశ్న మీద కొందరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు వేసిన లెక్క 2007లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో నిజంగానే పోలీసు కుక్కలను తిప్పింది. ఆ పనిలో ఒక తెలుగు పరిశోధకుడిది ముఖ్యమైన పాత్ర. నేను మస్కట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ లెక్క నా రోజువారీ పనిలోది కాదు గానీ, చదివిన కొద్దీ ఇది ప్రవాసంలో ఉన్న మనలాంటి కుటుంబాలకు బాగా సంబంధించిన సంగతి అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా చిన్నప్పటి సరి-బేసి ఆటను గుర్తు తెచ్చుకోండి. ఒకరు గుప్పిట్లో చింతపిక్కలు దాచి "సరా, బేసా?" అని అడుగుతారు. రెండోవారు చెప్పింది నిజమైతే పిక్కలు వాళ్లవి, కాకపోతే ఎదురివ్వాలి. మీరు ఎప్పుడూ సరి సంఖ్యే దాస్తే మీ తమ్ముడు మూడో ఆటకే పసిగడతాడు. ఒకసారి సరి, ఒకసారి బేసి అని మార్చి మార్చి దాచినా ఆరో ఆటకు దొరికిపోతారు. మరి దొరక్కుండా ఆడడం ఎలా? ప్రతిసారీ మనసులో ఒక నాణెం ఎగరేసినట్లుగా, ఏ వరసా లేకుండా దాచాలి. అప్పుడు మీ తమ్ముడు ఎంత తెలివిగలవాడైనా సగం సార్లకు మించి గెలవలేడు. ఇందులో తమాషా ఏమిటంటే, "నేను నాణెం ఎగరేసి దాస్తున్నాను" అని మీరు వాడికి ముందే చెప్పేసినా మీకు నష్టం లేదు. ఇలాంటి ఇద్దరి ఆటలన్నిటికీ వర్తించే సిద్ధాంతాన్ని జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త 1928లో రుజువు చేశాడు. గేమ్ థియరీ అనే శాస్త్రానికి అదొక పునాది.

ఇప్పుడు పిక్కలను వదిలి కాపలా సంగతికి వద్దాం. మన మత్రా బజారులో రెండు కొట్లు ఉన్నాయనుకుందాం. ఒకటి బంగారం కొట్టు, ఇంకొకటి బట్టల కొట్టు. దొంగ పడితే బంగారం కొట్టులో 3000 రియాళ్లు, బట్టల కొట్టులో 1000 రియాళ్లు పోతాయి. రెంటికీ కలిపి కాపలావాడు ఒక్కడే. అతను ఉన్నచోట దొంగతనం జరగదు. అతన్ని ఎక్కడ నిలబెట్టాలి?

బంగారం విలువైనది కాబట్టి రోజూ అక్కడే నిలబెడదాం అంటారు చాలామంది. నాలుగు రోజులు గమనించిన దొంగ నిక్షేపంగా బట్టల కొట్టులో దూరతాడు, 1000 రియాళ్లు పోతాయి. పోనీ, సగం రాత్రులు ఇక్కడ, సగం రాత్రులు అక్కడ అందామా? అప్పుడు దొంగ బంగారం కొట్టుకే వస్తాడు. రెండు రాత్రుల్లో ఒకసారి అతని పంట పండుతుంది. సగటున రాత్రికి 1500 రియాళ్ల నష్టం. సమానంగా పంచితే మొదటిదానికంటే అన్యాయంగా తయారైందన్నమాట! ఇప్పుడు మూడో పద్ధతి చూడండి. రోజూ సాయంత్రం నాలుగు చీటీలు వేసి ఒకటి తీయాలి. మూడింటి మీద బంగారం అని, ఒకదాని మీద బట్టలు అని రాసి ఉంటుంది. బంగారం కొట్టుకు నాలుగింట ఒక రాత్రి కాపలా ఉండదు కాబట్టి, దొంగకు అక్కడ సగటున దక్కేది 3000లో నాలుగో వంతు, అంటే 750. బట్టల కొట్టుకు నాలుగింట మూడు రాత్రులు కాపలా ఉండదు. అక్కడ దక్కేది 1000లో ముప్పాతిక, అదీ 750. దొంగ ఎటు వెళ్లినా ఒకటే. కాపలావాడు ఒక్కడే అయినప్పుడు ఇంతకంటే నష్టం తగ్గించడం సాధ్యం కాదు.

చీటీల సంగతి దొంగకు తెలిస్తే? తెలియనివ్వండి. మూడు చీటీలు బంగారానివని అతనికి తెలుసు, కానీ ఈ రాత్రి ఏ చీటీ వచ్చిందో తెలియదు. నెల రోజులు ఎదురుగా టీ కొట్టులో కూర్చుని గమనించినా అతనికి అదనంగా తెలిసేది ఏమీ ఉండదు. ఒకరు ముందుగా తన పద్ధతి ఖాయం చేసుకోవడం, ఇంకొకరు దాన్ని చూసి తన ఎత్తు వేయడం అనే ఈ తరహా ఆటను 1934లో హైన్‌రిష్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ అనే జర్మన్ మాట్లాడే ఆర్థికవేత్త వ్యాపార సంస్థల పోటీ గురించి రాస్తూ వివరించాడు. అతని పేరుమీదే వీటిని స్టాకెల్‌బర్గ్ ఆటలంటారు. ఆయన రాసింది మార్కెట్ల గురించి. డెబ్బై ఏళ్ల తరువాత అది కాపలాకు పనికొచ్చింది.

రెండు కొట్ల లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. విమానాశ్రయం లెక్క అంత తేలిక కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఆనాడు ఎనిమిది టెర్మినళ్లు. లోపలికి వచ్చే దారులు అనేకం. పోలీసులు, కుక్కలు కొద్దిమందే. పైగా వచ్చే శత్రువు ఒకే రకం కాదు. ఒకడికి ఎక్కువమంది జనం కావాలి, ఇంకొకడికి పేరు మోగిపోయే చోటు కావాలి, మరొకడికి తప్పించుకునే దారి ముఖ్యం. పది రకాల శత్రువులు, ఒక్కొక్కడికి ఎనిమిది టెర్మినళ్లు అనుకుంటే, వాళ్లందరి ఎత్తుగడలనూ జోడించి చూడడానికి 107 కోట్లకు పైగా కలయికలు తేలతాయి. ఈ జాతి లెక్కలు స్వభావరీత్యానే కఠినమైనవని విన్సెంట్ కొనిట్జర్, టువోమాస్ శాండ్‌హోమ్ 2006లో చూపించారు.

ఆ చిక్కుముడిని పట్టుకున్నది యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ప్రొఫెసర్ మిలింద్ తాంబే బృందం. ఆ బృందంలో డాక్టరేటు చేస్తున్న ప్రవీణ్ పరుచూరి, శత్రువుకు అంతుపట్టకుండా కావాలనే యాదృచ్ఛికంగా నడుచుకోవడం ఎలా అన్న విషయం మీదే 2007లో తన సిద్ధాంత వ్యాసం పూర్తిచేశారు. ఆయన, సహచరులు కలిసి తయారుచేసిన పద్ధతికి డాబ్స్ అని పేరు. శత్రువుల ఎత్తుగడలన్నిటినీ ఒకదానితో ఒకటి జోడించి కోట్ల కలయికలు పేర్చే బదులు, ఏ రకం శత్రువును ఆ రకంగా విడిగా ఉంచుతూనే, అందరికీ కలిపి ఒకే కాపలా పద్ధతిని వెతకడం దాని కీలకం. దాని వివరాలు 2008లో ప్రచురితమయ్యాయి. పరుచూరి ఆ తరువాత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో ఆచార్యులుగా చేరారు.

ఆ పద్ధతి ఆధారంగా నడిచిన ప్రోగ్రామే ఆర్మర్, అంటే కవచం. 2007 ఆగస్టు నుంచి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఏ గంటకు ఏ దారిలో వాహనాల తనిఖీ పెట్టాలి, ఏ టెర్మినల్‌లో కుక్కలను తిప్పాలి అన్నది అది సూచించసాగింది. ఆ తరువాత విమానాల్లో మామూలు ప్రయాణికుల్లా కూర్చునే సాయుధ రక్షకుల కేటాయింపుకు 2009లో ఐరిస్, బోస్టన్ రేవులో తీర రక్షకదళం గస్తీకి 2011లో ప్రొటెక్ట్ అనే ప్రోగ్రాములు వచ్చాయి.

ఈ మాత్రానికి కంప్యూటరెందుకు, పోలీసు అధికారి తనకు తోచినట్లు మార్చుకుంటూ పోతే చాలదా అనిపించవచ్చు. మనిషికి యాదృచ్ఛికంగా ఉండడం చేతకాదు. నాణెం ఎగరేయకుండా వంద బొమ్మాబొరుసులు కాగితం మీద ఊహించి రాయమంటే, మనం వరసగా అయిదారు బొమ్మలు రాయడానికి జంకుతాం. నిజం నాణెం జంకదు. మన ఇళ్లలోనూ అంతే. బడులకు వేసవి సెలవులివ్వగానే మస్కట్‌లో మన ఇళ్లన్నీ ఒక్కసారే తాళాలు పడతాయి. దీపానికి టైమర్ పెట్టి, రోజూ సాయంత్రం ఆరున్నరకు వెలిగి పదింటికి ఆరేలా చేసి వెళ్తాం. మూడు రోజులు చూసినవాడికి ఆ దీపమే ఇంట్లో ఎవరూ లేరని చెబుతుంది. వేళలు తనంతట తానే అటూ ఇటూ మార్చే టైమర్లు బజారులో దొరుకుతాయి. వాటి వెనుక ఉన్నది ఈ సూత్రమే.

అయితే ఈ లెక్కకూ హద్దులున్నాయి. దొంగ కూడా మనలాగే లెక్క వేసి వస్తాడని ఇది నమ్ముతుంది. నిజం మనుషులు పొరపడతారు, తొందరపడతారు. అందుకే బోస్టన్ ప్రోగ్రాములో శత్రువు అప్పుడప్పుడు తప్పుటెత్తు వేస్తాడన్న అంచనాను కూడా చేర్చారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది రెండో హద్దు. ఈ రాత్రి వచ్చిన చీటీ ఏదో లోపలివాడే బయటికి చెబితే పాచికలన్నీ వృథా.

మూడో హద్దు అన్నిటికంటే పెద్దది. దాన్ని చెప్పడానికి ఒమాన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఇక్కడి పెట్రోలు బంకుల మీద మనం చూసే "అల్ మహా" అన్న పేరు అరేబియా ఓరిక్స్‌ది. పొడవాటి కొమ్ములున్న తెల్లని ఎడారి జింక అది. స్వేచ్ఛగా తిరిగే చివరి ఓరిక్స్‌లు 1972లో ఒమాన్‌లోనే వేటకు బలయ్యాయి. జంతు ప్రదర్శనశాలల్లో పెంచినవాటి సంతతిని 1982లో మళ్లీ ఇక్కడి జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో వదిలారు. ఆ అభయారణ్యాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని విస్తీర్ణం 27,500 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాలు మూడూ కలిపితే దాదాపు అంత. కాపలా కాసేది కొద్దిమంది. 1996లో అక్కడ 450 ఓరిక్స్‌లు ఉండేవి. సొంత జంతుశాలలకు అమ్ముకోవడానికి, ముఖ్యంగా ఆడవాటిని ప్రాణాలతో పట్టుకుపోయేవాళ్లు మొదలయ్యారు. 2007 నాటికి 65 మిగిలాయి. చమురు, సహజవాయువు నిక్షేపాల కోసం అభయారణ్యాన్ని 90 శాతం తగ్గించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ సంవత్సరం జూన్‌లో యునెస్కో ఆ చోటును జాబితా నుంచి తీసేసింది. జాబితా చరిత్రలో అలా తీసేసిన మొట్టమొదటి చోటు అది. ఆర్మర్ పని మొదలుపెట్టింది సరిగ్గా దాని తరువాత రెండు నెలలకు.

తాంబే బృందం తరువాతి కాలంలో ఈ సిద్ధాంతాన్నే వన్యమృగాల వైపు తిప్పింది. వేటగాళ్లు వదిలిన ఉచ్చుల ఆనవాళ్లను బట్టి గస్తీ దారులు సూచించే పాస్ అనే ప్రోగ్రామును 2014లో ఉగాండా, మలేసియా అడవుల్లో పరీక్షించారు. అదే ముందుగా ఉండి ఉంటే ఓరిక్స్‌లు దక్కేవని నేననను. ఉన్న కాపలావాళ్లను ఎలా పంచాలో గణితం చెబుతుంది. కాపలావాళ్లు ఎంతమంది ఉండాలో, జింక విలువ ఎంతో, దాని కాళ్లకింది చమురు విలువ ఎంతో అది చెప్పదు. బంగారం 3000, బట్టలు 1000 అని లెక్క మొదలుకాకముందే ఎవరో మనిషి రాయాలి. చీటీలు ఎన్ని, ఎవరి పేరున అన్నది ఆ అంకెలతోనే తేలిపోతుంది.

ఈ మాట విమానాశ్రయాల్లో మనకు నేరుగా తగులుతుంది. పిల్లల దగ్గరికో, చుట్టాల దగ్గరికో అమెరికా వెళ్తుంటే "రాండమ్ చెక్" అని పక్కకు పిలుస్తారు. పేరు చూసో, రంగు చూసో పిలిచారేమోనని మనసు చివుక్కుమంటుంది. అనుమానం ఉన్నవాళ్లనే తనిఖీ చేస్తే మేలు కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు. 2002లో ఎంఐటీ విద్యార్థులు సమిధ్ చక్రవర్తి, ఆరన్ స్ట్రాస్ దీన్ని లెక్కవేసి చూశారు. ఆనవాళ్లను బట్టి ప్రయాణికులను ఎంచే పద్ధతి ఉంటే, శత్రువు తన మనుషులను ముందుగా ఉత్తి చేతులతో నాలుగైదుసార్లు ప్రయాణం చేయించి, ఎవరిని ఆపడం లేదో తెలుసుకోగలడు. అసలు పనికి ఆ మనిషినే పంపుతాడు. చీటీ వేసి ఆపితే ఈ ఎత్తు సాగదు. నిన్న ఆపలేదు కాబట్టి రేపు ఆపరన్న భరోసా ఎవరికీ ఉండదు. ముఖం చూసి ఆపడం మన మనసుకు కష్టం కలిగించడమే కాదు, కాపలాగా కూడా అది బలహీనమైనదే. లాస్ ఏంజెలెస్‌లో ఆర్మర్ తూకం వేసింది దారులకు, టెర్మినళ్లకు.

చివరగా, ఇంట్లో పిల్లలచేత ఒక లెక్క చేయించండి. పాత బజారులోనే మూడో కొట్టు చేర్చండి. విలువలు 3000, 2000, 1000. కాపలావాడు ఒక్కడే. జవాబు వింతగా ఉంటుంది. అయిదు చీటీల్లో మూడు మొదటి కొట్టుకు, రెండు రెండో కొట్టుకు పోతాయి. దొంగకు ఆ రెండు చోట్లా సగటున దక్కేది 1200. మూడో కొట్టులో 1000కి మించి లేదు కాబట్టి అతను అక్కడికి రాడు. అందుకని మూడో కొట్టుకు ఒక్క చీటీ కూడా రాదు. లెక్కలో తప్పేమీ లేదు. ఏ రాత్రీ కాపలా దొరకని ఆ కొట్టు యజమానికి ఈ సంగతి ఎలా నచ్చజెబుతారో కూడా పిల్లల్ని అడిగి చూడండి. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా తెమల్లేదు.