పొదుగువాపుకు పెరట్లోనే మందు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పొలాలు తగ్గి ప్లాట్లు పెరుగుతున్నాయి. ఎకరం, అరెకరం మిగిలిన రైతుకు రెండు బర్రెల పాలే నెల ఖర్చులకు ఆధారం. అందులో ఒకదానికి పొదుగు వాచిందంటే ఇల్లు గడవడమే కష్టం.

మీ బర్రె పొదుగు గట్టిపడి వేడిగా ఉందా? పాలు విరిగినట్టో, నీళ్లలాగో, నెత్తుటి చారతోనో వస్తున్నాయా? అది పొదుగువాపే. స్టెఫైలోకోకస్, స్ట్రెప్టోకోకస్, ఇ.కోలి వంటి బ్యాక్టీరియా చనుమొన రంధ్రం గుండా లోపలికి పోయి తెచ్చే రోగమిది. రోజూ మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. తెల్లటి తునకలు కనబడితే రోగం మొదలైనట్టే.

పసుపులో ఏముంది?

పసుపులోని కర్కుమిన్‌కు బ్యాక్టీరియాను అణిచే గుణం ఉందని 1949లోనే 'నేచర్' పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన దేశంలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం, బెంగళూరులోని టి.డి.యు. శాస్త్రవేత్తలు పల్లె వైద్యాన్ని పరిశీలించి కలబంద, పసుపు, సున్నం కలిపిన మందును పాడిపశువులపై వాడి చూశారు. దాన్నే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్.డి.డి.బి.) రైతులకు నేర్పుతోంది.

తయారీ ఇలా

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలం సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా నూరండి. ముద్ద ఎర్రబారుతుంది. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి తుడవండి. గుప్పెడు ముద్దలో 150-200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పొదుగంతా పూయండి. రోజుకు 10 సార్లు, 5 రోజులు పూయాలి. ఏ రోజు మందు ఆ రోజే నూరాలి. మూడు రోజులు పూటకు రెండేసి నిమ్మకాయలు, రోజుకు రెండు పూటలు తినిపించండి.

ఈ తప్పు చేయకండి

ఇది మొదటి దశలో పట్టుకుంటేనే. జ్వరం వచ్చినా, మేత మానేసినా, రెండు రోజుల్లో గుణం కనబడకపోయినా పూతతో కాలయాపన చేయకండి. వెంటనే పశువుల డాక్టరుకు చూపండి. ఆలస్యమైతే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. డాక్టరు సూది మందు రాస్తే కోర్సు మధ్యలో ఆపొద్దు. ఆపితే క్రిములు మొండికేస్తాయి. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో తాగొద్దు.

ఇంకో మాట. పాలు పిండాక చనుమొన రంధ్రం అరగంట దాకా తెరిచే ఉంటుంది. బర్రె పేడలో పడుకుంటే క్రిమి లోపలికి పోతుంది. పిండగానే ముందు గడ్డి వేయండి. నిలబడి మేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.